ఘాటీలో ఆగిన పాత కారు: కరెంటా, పెట్రోలా?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతున్నాం. శ్రావణ మాసం, ఒకటే వాన. వైపర్లు ఆగకుండా తిరుగుతున్నాయి. మంచు కమ్మిందని హెడ్‌లైట్లు వేశాను, అద్దం మసకబారుతోందని బ్లోయర్ పెట్టాను. సగం ఘాటీ ఎక్కేసరికి బండిలో పికప్ తగ్గింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా నీరసించి, చివరికి ఆగిపోయింది. పక్కకి తీసి అన్నీ ఆపేసి పావుగంట కూర్చున్నాం. తర్వాత సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే స్టార్టయింది. పైకెళ్లాక వాన తగ్గింది, కొరాపుట్ దాకా మళ్లీ ఏ తేడా రాలేదు.

రాయగడ తిరిగొచ్చాక ఒక్కో షెడ్డుకీ తిప్పాను. వానలో ఆగిందంటే తడే కారణమని ఒకరు ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లు మార్చారు. ఇంకొకరు నిప్పుకి వోల్టులు పుట్టించే కాయిల్ మార్చారు. మూడో ఆయన పెట్రోల్ ఫిల్టరూ, పంపూ మార్చారు. సామాను ప్రతిసారీ విజయనగరం నుంచో విశాఖ నుంచో రావాలి. వచ్చేదాకా బండి షెడ్డులోనే. ఎవరూ మోసం చెయ్యలేదు. అందరూ తమకు తెలిసిన పని చిత్తశుద్ధితో చేశారు. కానీ ఎవరూ ఏదీ కొలవలేదు. ఆ తర్వాతి వానకి బండి మళ్లీ ఆగింది.

పార్వతీపురం, రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఇప్పటికీ ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లు చాలా తిరుగుతున్నాయి. వాటికి మంచి వైద్యం చెయ్యగలిగే చేతులూ ఈ ఊళ్లలో ఉన్నాయి. అయితే ఆ చేతులు ఎక్కువగా కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే పాత సాధనం) కాలంలో పని నేర్చుకున్నవి, లేదా ఆ కాలం వాళ్ల దగ్గర నేర్చుకున్నవి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

కార్బురేటర్ బండిలో కరెంటు దారి వేరు, పెట్రోలు దారి వేరు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) చెడితే పెట్రోలుకి సంబంధం లేదు, కార్బురేటర్‌లో నలక పడితే కరెంటుకి సంబంధం లేదు. ఒక్కో దారినీ విడిగా చూసుకుంటూ పోతే జబ్బు దొరికేది. 1998లో వచ్చిన శాంత్రో మొదట్నుంచీ ఎంపీఎఫ్ఐ బండే. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు గట్టిపడ్డాక మారుతి చిన్న కార్లూ అదే దారి పట్టాయి. ఎంపీఎఫ్ఐ అంటే ప్రతి సిలిండర్ ముందూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఒకటి. అది ఎంతసేపు తెరుచుకోవాలో, ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో రెండూ ఒకే పెట్టె చెబుతుంది. దాన్ని ఈసీఎం అంటున్నాం. ఇంజిన్ ఏ వేగంతో తిరుగుతోంది, గాలి ఎంత వస్తోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి అని సెన్సర్లను అడిగి తెలుసుకుని అది నిర్ణయిస్తుంది. అందుకే ఇందులో కరెంటు జబ్బు పెట్రోలు జబ్బులా కనిపించగలదు, పెట్రోలు జబ్బు కరెంటు జబ్బులా కనిపించగలదు, సెన్సర్ జబ్బు రెండింటిలాగానూ కనిపించగలదు.

మొదటి ప్రశ్న: నిప్పు, పెట్రోలు రెండూ పోయాయా, ఒకటే పోయిందా?

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. ఇలాంటప్పుడు బానెట్ ఎత్తకముందే తెలుసుకోగలిగినవి ఉన్నాయి. తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టండి. వెనక సీటు కింద, ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని శబ్దం వచ్చి ఆగాలి. పంపు పైపుల్లో ఒత్తిడి నింపుకుంటున్న చప్పుడది. అది వినిపిస్తే పంపుకి కరెంటు అందుతోంది, రిలే, ఫ్యూజు పని చేస్తున్నాయి. మీటరు బోర్డులో ఇంజిన్ దీపం వెలుగుతోందా చూడండి. తాళం ఆన్ చెయ్యగానే అది వెలగాలి. అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా ఈసీఎంకే కరెంటు అందట్లేదు. అప్పుడు ప్లగ్గుల జోలికి వెళ్లి లాభం లేదు, ముందు ఫ్యూజులు, మెయిన్ రిలే చూడాలి. తాళం బొమ్మ దీపం మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డే సాధనం) తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించండి.

ఆ తర్వాత నిప్పు పడుతోందా, ఇంజెక్టర్ కొడుతోందా చూడాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే, పక్కన ఒకరు సెల్ఫ్ కొడుతుండగా టిక్ టిక్ మని వినిపిస్తుంది. నిప్పు లేదు, ఇంజెక్టర్ చప్పుడూ లేదు అంటే వేర్వేరు చోట్ల రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయని అనుకోకండి. రెండిటికీ తల ఒకటే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎక్కడుందో చెప్పే సెన్సర్ నుంచి సంకేతం రాకపోతే ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే ఈసీఎంకి తెలియదు, కాబట్టి రెండూ ఇవ్వదు. కొన్ని పాత బండ్లలో ఈ సెన్సర్ డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటుంది. ఇది వేడికి చెడే రకం. లోపలి తీగచుట్ట వేడెక్కినప్పుడు తెగినట్టయ్యి, చల్లారాక కలుస్తుంది. బండి బాగా నడిచాక టక్కున ఆగిపోయి, అరగంటకి మళ్లీ మామూలుగా స్టార్టయితే అనుమానం మొదట దీని మీదకే పోవాలి. నేనూ అదే అనుమానించాను. కానీ నా బండి టక్కున ఆగలేదు, నీరసించి ఆగింది. ఆ తేడాకి నేను అప్పుడు విలువ ఇవ్వలేదు.

ఎక్కుడులో చచ్చుబడితే

మా వైపు అందరి ఫిర్యాదూ ఇదే: తిన్నని రోడ్డు మీద బాగుంటుంది, ఘాటీలో చచ్చుబడుతుంది. దీనికి కరెంటూ కారణం కావచ్చు, పెట్రోలూ కారణం కావచ్చు.

కరెంటు సంగతి చూద్దాం. ప్లగ్గు రెండు మొనల మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ. అంత చిన్న సందు దాటడానికే కాయిల్ వేల వోల్టులు పుట్టించాలి, ఎందుకంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి మీద ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత గాలి లోపలికి వెళ్తుంది, అంత ఒత్తిడి పెరుగుతుంది, నిప్పు దూకడానికి అన్ని ఎక్కువ వోల్టులు కావాలి. హెచ్‌టీ వైరు ఇన్సులేషన్‌కి పగులు ఉంటే తక్కువ ఒత్తిడిలో నిప్పు ప్లగ్గులోనే పడుతుంది, లోడు పెరిగాక తేలిక దారి వెతుక్కుని పగులులోంచి ఇంజిన్ బాడీకి దూకేస్తుంది. తడి ఉంటే మరీ తేలిక. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుపుతూ వైర్ల మీద నీళ్లు సన్నగా చిమ్మితే నీలం రంగు మెరుపులు కంటికే కనిపిస్తాయి. నడుస్తున్న ఇంజిన్ మీద చెయ్యి మాత్రం పెట్టకండి.

పెట్రోలు సంగతి ఇలా ఉంటుంది. ఇంజెక్టర్ల ముందు పైపులో చాలా బండ్లలో సుమారు రెండున్నర నుంచి మూడున్నర బార్ ఒత్తిడి నిలబడాలి. ఫిల్టర్ పూడుకుపోయినా, పంపు అరిగినా నిలబెట్టిన బండిలో ఒత్తిడి సరిగానే కనిపిస్తుంది, అప్పుడు ఇంజిన్ తాగేది తక్కువ కనుక. ఘాటీలో తాగుడు పెరిగేసరికి అందదు. అందుకే నిలబెట్టి గేజీ పెట్టి "ఒత్తిడి బాగానే ఉంది" అంటే సగం పరీక్షే అయింది.

మరి రెండింటినీ విడదీయడం ఎలా? కరెంటు తప్పితే దెబ్బ దెబ్బగా ఉంటుంది. బండి కుదుపుతుంది, జర్కులిస్తుంది, ఒక సిలిండర్ కొట్టి ఒకటి కొట్టనట్టు సైలెన్సర్ దగ్గర ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. పెట్రోలు అందకపోతే సాఫీగా వాడిపోతుంది, ఊపిరి ఆడని మనిషి నడక నెమ్మదించినట్టు. కాలు తీస్తే కాస్త తేరుకుంటుంది, తొక్కితే మళ్లీ పడిపోతుంది. ఇది నూటికి నూరుపాళ్లూ నిలబడే సూత్రం కాదు, కానీ షెడ్డుకి వెళ్లినప్పుడు మీరు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. "మిస్సింగ్ ఉంది" అని ఒక్కమాటతో సరిపెట్టకుండా కుదుపా, వాడిపోవడమా అన్నది చెబితే మేస్త్రికి సగం దారి చూపినట్టే.

ప్లగ్గులు విప్పితే వాటి రంగూ మాట్లాడుతుంది. లేత గోధుమ రంగు ఉంటే మంట బాగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పు పడట్లేదు. మరీ తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలట్లేదు, లేదా ప్లగ్గు వేడి రకం తప్పు. నాలుగింటిలో ఒకటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌ది. అన్నీ ఒకేలా తేడాగా ఉంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి: పంపు, ఫిల్టరు, సెన్సర్లు, కరెంటు సరఫరా. నా బండి ప్లగ్గులు నాలుగూ ఒకేలా పాలిపోయి ఉన్నాయి. అవి మార్చిన ఆయన పాతవి నా చేతికిచ్చారు కూడా. చూడడం రాక డిక్కీలో పడేశాను.

పెట్రోలు విషయంలోనే ఇంకొకటి. ట్యాంకులో పంపు మునిగి ఉండేది ఊరికే కాదు, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులో తిప్పే బండిలో పంపు ముందుగా పోతుంది. దానికి తోడు ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా వస్తోంది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఆ రకం పెట్రోలు 2025 నాటికి దేశమంతటా మామూలైపోయింది. ఇరవై ఏళ్ల నాటి రబ్బరు పైపులు, సీళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో బండి వారాల తరబడి కదలకుండా సగం ట్యాంకుతో ఉంటే నీరు చేరి, మోతాదు మించాక ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగిపోతుంది. పంపు పీల్చేది అడుగునుంచే. పాత ట్యాంకు గోడలకి పట్టిన మడ్డిని కూడా ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌కి చేరుస్తుంది. అందువల్ల పాత బండి ఉన్నవాళ్లు పుస్తకంలో రాసిన దూరం దాకా ఆగకుండా ఫిల్టర్ ముందే మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏ పైపు దగ్గరైనా పెట్రోలు వాసన వస్తే మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి. ఆ పైపులో ఉన్నది ఒత్తిడి మీద ఉన్న పెట్రోలు. విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి, అప్పుడు విప్పాలి.

సెన్సర్ తప్పు చెబితే

కొరాపుట్ ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి కింద మైదానంలో కంటే సుమారు పదో వంతు తక్కువ. కార్బురేటర్ బండి పైకెళ్తే గాలి పలచబడి పెట్రోలు పాళ్లు ఎక్కువై నల్లపొగ వదిలేది, మేస్త్రీలు స్క్రూ తిప్పి సర్దేవారు. ఎంపీఎఫ్ఐలో ఆ పని మ్యాప్ సెన్సర్ చూసుకుంటుంది. ఇన్‌టేక్ గొట్టంలో ఒత్తిడి కొలిచి చెబుతుంది, ఈసీఎం పెట్రోలు తగ్గిస్తుంది. దానికి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం పగిలితే బయటి గాలి ఒత్తిడే చదువుతుంది. అంటే ఎప్పుడూ ఫుల్ లోడులో ఉన్నట్టు అనుకుని పెట్రోలు పోసేస్తుంది. యాభై రూపాయల గొట్టం వల్ల వచ్చిన నల్లపొగకి ఇంజెక్టర్లు మార్చిన సందర్భం మా వీధిలోనే జరిగింది.

నీటి వేడి చెప్పే సెన్సర్ కూడా ఇలాంటిదే. అది చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓమ్‌లు చూపి, ఇంజిన్ వేడెక్కాక మూడొందల దరికి దిగాలి. లోపల తెగినా, దాని కనెక్టర్ ఊడినా ఈసీఎంకి ఇంజిన్ గడ్డకట్టే చలిలో ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్ని బండ్లు దీన్ని గుర్తుపట్టి దీపం వెలిగించి మామూలు లెక్కతో నడిపేస్తాయి. సెన్సర్ పూర్తిగా తెగకుండా కొంచెం తప్పు చెబితే మాత్రం దీపం వెలగదు. మైలేజీ పడిపోతుంది, వేడి బండి ఒక పట్టాన స్టార్టవ్వదు. పెట్రోలు ఎక్కువై తడిస్తే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా ఈసీఎంలు అప్పుడు పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతాయి, సిలిండర్ ఆరుతుంది.

స్కానర్ లేదని చాలామంది దిగులుపడతారు. పాత సుజుకి తరహా ఎంపీఎఫ్ఐ బండ్లలో డయాగ్నసిస్ కనెక్టర్‌లో నిర్ణీత కాలును (పిన్నును) ఎర్త్‌కి కలిపితే ఇంజిన్ దీపమే మిణుకుతూ కోడు చెబుతుంది. ఒకటి మిణికి, ఆగి, రెండు మిణికితే 12. ఈసీఎంకి తప్పేమీ కనబడలేదని అర్థం. ఏ కాలు కలపాలో మీ బండి సర్వీసు పుస్తకం చూసే చెయ్యండి, ఊహించి కలపొద్దు. నా బండి 12 అంది. ఈసీఎం తనకు వచ్చే తీగల మీద కరెంటు వింతగా ఉంటేనే తప్పు పడుతుంది. పెట్రోలు ఒత్తిడి కొలిచే సాధనం ఈ పాత బండ్లలో దానికి లేదు కనుక అది ఆ మాట చెప్పలేదు.

కోడు లేకపోయినా మీ దగ్గర ఇంకో కాగితం ఉంటుంది: పొల్యూషన్ సర్టిఫికెట్. దాన్ని పోలీసుకి చూపించడానికే దాచుకుంటాం గానీ అందులో రెండు అంకెలు విలువైనవి. బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనల) పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. మొదటిది పెరిగితే పెట్రోలు ఎక్కువై సగం కాలుతోంది. మొదటిది తక్కువగానే ఉండి రెండోది బాగా పెరిగితే పెట్రోలు అసలు కాలకుండానే బయటికి పోతోంది, అంటే ఏదో సిలిండర్ తప్పుతోంది. పాత సర్టిఫికెట్లు పారెయ్యకండి. ఏడాదికేడాది ఆ అంకెలు ఎటు పోతున్నాయో చూస్తే బండి చెప్పకముందే తెలుస్తుంది. పరీక్ష మాత్రం ఇంజిన్ బాగా వేడెక్కాక నిజంగా చేయించుకున్నదై ఉండాలి.

ఎర్త్

చివరికి నా బండి జబ్బు పట్టుకున్నది రాయగడలో లారీల కరెంటు పని చేసే ఒక పెద్దాయన. కార్లు ఆయన పని కాదు. సంగతంతా విని ఒకటే అడిగారు: "వాన లేనప్పుడు రాత్రిపూట ఘాటీ ఎక్కావా బాబూ?" ఎక్కలేదు. "అయితే తడి వల్ల ఆగిందని ఎలా అనుకున్నావు? ఇంజిన్ నడిపి లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వెయ్యి."

మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది కారు బాడీ ఇనుము మీద పెట్టారు. అక్కడ దాదాపు సున్నా రావాలి, మహా అయితే 0.2 వోల్టులు. 2.6 చూపించింది. లైట్లు ఆపితే తగ్గింది, వైపర్లు ఆపితే ఇంకా తగ్గింది. వెనక సీటెత్తి పంపు కనెక్టర్ దగ్గర కొలిస్తే, అన్నీ వేసినప్పుడు 13న్నర ఉండాల్సిన చోట 10న్నర ఉంది.

లైట్లు, వైపర్లు, బ్లోయర్, పెట్రోల్ పంపు అన్నీ కరెంటును వైరులోంచి తీసుకుని, బాడీ ఇనుములోంచే వెనక్కి పంపుతాయి. బాడీనీ బ్యాటరీనీ కలిపే ఎర్త్ తీగ చిలుము పట్టి ఇరుకైపోయింది. ఎండ పూట ఒక్క పంపు కరెంటే దానిలోంచి పోవాలి కాబట్టి సరిపోయేది. వానలో అన్నీ కలిసి అదే దారిలో తోసుకునేసరికి పంపుకి వోల్టులు తగ్గి, పెట్రోలు తగ్గి, ఎక్కుడులో ఇంజిన్ వాడిపోయేది. పక్కకి ఆపి లైట్లు ఆర్పగానే పంపు తేరుకునేది. కొత్త పంపు వేసినా అంతే, దానికీ అదే 10న్నర. ఇది కరెంటు జబ్బు. కనిపించింది పెట్రోలు జబ్బులా. వానలో వచ్చింది కనుక అందరూ నిప్పు జబ్బు అనుకున్నారు.

ఇంటి దగ్గర మీరు చేసుకోగలిగిన పరీక్ష కూడా ఇదే. మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి రాత్రంతా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొడుతుండగా 9న్నర కిందకి పడితే ఈసీఎం తడబడుతుంది. ఆ తర్వాత ఎర్త్ కొలవండి: బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి ఒకసారి, ఇంజిన్‌కి ఒకసారి, లైట్లు, వైపర్లు అన్నీ వేసి. ఓమ్‌ల మీద పెట్టి కొలిస్తే ఈ జబ్బు దొరకదు. సన్నటి నాలుగు పోగులు మిగిలిన తీగ కూడా మీటరు పంపే చిటికెడు కరెంటుకి బాగానే ఉందనిపిస్తుంది. వానాకాలంలో బానెట్ కింద ఎలుకలు కొరికిన తీగలు కూడా ఇలాగే మోసం చేస్తాయి కనుక కొలుస్తూనే కంటితో కూడా వెతకండి.

కార్బురేటర్ కాలం నుంచి మిగిలిన రెండు అలవాట్లు ఈ బండ్లకు హాని చేస్తాయి. డైనమో చార్జి చేస్తోందా చూడ్డానికి నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ టెర్మినల్ పీకడం ఒకటి. ఒక్కసారిగా ఎగిసే వోల్టులకు ఈసీఎం పోవచ్చు. హెచ్‌టీ వైరు పీకి గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టడం రెండోది. దారి దొరకని ఆ వోల్టులు కాయిల్‌నీ దాని ఇగ్నైటర్‌నీ లోపల్లోపలే కాలుస్తాయి. నిప్పు చూడాలంటే పాత ప్లగ్గు ఒకటి తగిలించి దాని ఇనుము ఇంజిన్‌కి గట్టిగా ఆనేలా పెట్టండి, దగ్గర్లో పెట్రోలు ఒలికి లేదని చూసుకున్నాకే.

ఇక ఘాటీ దిగేటప్పుడు మైలేజీ కోసం న్యూట్రల్‌లో వదిలేవాళ్లకి ఒక మాట. ఎంపీఎఫ్ఐ బండి గేరులో ఉండి, కాలు యాక్సిలరేటర్ మీద లేకుండా దిగుతుంటే ఈసీఎం ఇంజెక్టర్లు పూర్తిగా మూసేస్తుంది. పెట్రోలు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పొయ్యాల్సిందే. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. పాత బండి దిగువలో ఆగిపోయినా గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి, బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ అందుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. సుంకి మలుపుల్లో ఎదురుగా లోడు లారీ వస్తుండగా ఆ పెడల్ మీద కాలు పెట్టే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఎర్త్ తీగ కొత్తది వేసి, బాడీ మీద రంగు గీకి, బోల్టు బిగించి గ్రీజు రాయడానికి పెద్దాయనకి ముప్పావుగంట పట్టింది. మళ్లీ అన్నీ వేసి కొలిస్తే 0.1 చూపించింది. ఆ ఆదివారం రాత్రి వానలోనే సుంకి ఎక్కాం, హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేసుకుని.